కొత్త కన్సోల్, కొత్త కంట్రోలర్లు: విశాఖలో ఉన్నవారు మొదటి వారం సమీక్షలను ఎంతవరకు నమ్మవచ్చు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో విషయం ఇది. మీరు ఎంవీపీ కాలనీలో, సముద్రానికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉంటున్నారు. ఇంట్లో పాత ప్లేస్టేషన్ 4 కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆటలు ఆడే యంత్రం ఉంది. దాని స్థానంలో ప్లేస్టేషన్ 5 కొనాలని మీరు అనుకుంటుంటే, మీ అబ్బాయి నింటెండో స్విచ్ 2 కావాలంటున్నాడు. కన్సోల్‌తో పాటు చేత పట్టుకుని ఆడే అదనపు కంట్రోలర్, హెడ్‌సెట్, ఛార్జింగ్ స్టాండ్, ఆటలు దాచే స్థలం పెంచే ఎస్ఎస్‌డీ, కన్సోల్‌ను నిలువుగా పెట్టే స్టాండ్ కూడా ఒకేసారి కొనాలని జాబితా రాసుకున్నారు. ఆ జాబితా మొత్తం ఆయా వస్తువులు విడుదలైన వారంలో వచ్చిన వీడియో సమీక్షలను చూసి తయారుచేసుకున్నదే కాబట్టి, ఆ మాటలను ఎంతవరకు నమ్మవచ్చని అడిగారు.

నా సమాధానం: డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 కొనండి. జాబితాలోని ఉపకరణాలలో ఒక్కదానిని కూడా కన్సోల్‌తో పాటు కొనకండి. ఇక సమీక్షల విషయానికి వస్తే, కొత్త ఆట గురించి మొదటి వారంలో చెడు వింటే దానిని కొంత తగ్గించి వినండి. కొత్త కంట్రోలర్ లేదా హెడ్‌సెట్ గురించి మొదటి వారంలో మంచి వింటే దానిని అంతకంటే ఎక్కువగా తగ్గించి వినండి.

నేను డాబాగార్డెన్స్ దగ్గర పదిహేనేళ్లుగా కన్సోళ్లు, కంట్రోలర్లు బాగుచేస్తున్నాను. కొత్త ఆట వచ్చిందంటే నేను కూడా మీలాగే మొదటి రోజే ఆడతాను, కాబట్టి సమీక్షకులను తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు. ఆటకూ వస్తువుకూ మధ్య ఒక తేడా ఉంది. ఆటను విడుదల చేసిన తరువాత కూడా తయారీదారు దానిని సరిదిద్దుతూనే ఉంటాడు కాబట్టి, మొదటి రోజున అది ఉండే స్థితి చాలాసార్లు దాని కనిష్ఠ స్థితి అవుతుంది. కంట్రోలర్ సంగతి దీనికి పూర్తిగా భిన్నమైనది. పెట్టె విప్పిన రోజుకంటే మంచి రోజు దాని జీవితంలో మళ్లీ రాదు, ఆ రోజునుంచి అది అరగడమే మొదలవుతుంది. ఈ రెండింటినీ ఒకే కొలతతో కొలిచే సమీక్షలే మీ జాబితాను ఇంత పొడవు చేశాయని నాకు అనిపిస్తోంది.

ఆటల సంగతి ముందు చెబుతాను. సైబర్‌పంక్ 2077 అనే ఆట 2020 డిసెంబర్ 10న విడుదలైంది. విడుదలకు ముందు సమీక్షకులకు అందినది కంప్యూటర్ ప్రతి మాత్రమే. వారి మెప్పు చదివి ప్లేస్టేషన్ 4 మీద, అప్పటి ఎక్స్‌బాక్స్ వన్ మీద ఆడటానికి కొన్నవారికి మాత్రం ఆగి ఆగి నడిచే, మధ్యలో మూసుకుపోయే ఆట దక్కింది. వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ తయారీదారు సోనీ దానిని తన స్టోర్ నుంచి తొలగించి డబ్బు వెనక్కి ఇచ్చింది. 2021 జూన్‌లో గాని అది తిరిగి రాలేదు. 2022 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 కోసం ప్రత్యేకంగా రూపొందించిన ప్రతి వచ్చింది, 2023 సెప్టెంబర్‌లో ఆటలోని చాలా పద్ధతులనే మార్చివేసిన నవీకరణ వచ్చింది. ఈ రోజు దానిని ప్లేస్టేషన్ 5లో ఆడేవారికి ఆ మొదటి వారపు గోలతో సంబంధమే లేదు. 2016లో వచ్చిన నో మ్యాన్స్ స్కై కథ కూడా ఇంచుమించు ఇదే.

కాబట్టి ఆట సమీక్ష చదివేటప్పుడు మార్కులకంటే ముందు ఏ యంత్రం మీద ఆడి రాశారు అన్నది చూడండి. మరింత శక్తిమంతమైన ప్లేస్టేషన్ 5 ప్రో మీద ఆడి రాసిన మాట మీ ఇంట్లోని మామూలు ప్లేస్టేషన్ 5కు యథాతథంగా వర్తించదు. ఆ ప్రో 2024 నవంబర్ 7న విడుదలైనప్పుడు, అది వాడుకునే 6 గిగాహెర్ట్జ్ వైఫై తరంగాలకు మన దేశంలో అనుమతి లేనందున ఇక్కడ అమ్మడం లేదని సోనీయే ప్రకటించింది. బయటి దేశాల వీడియోలు చూసి ఆశపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రెండవది, చాలా ఆటలలో చిత్రం స్పష్టంగా ఉండే పద్ధతి ఒకటి, కదలిక సాఫీగా ఉండే పద్ధతి ఒకటి విడివిడిగా ఉంటాయి. సమీక్షకుడు ఏ పద్ధతిలో ఆడాడో చెప్పకపోతే, ఆట సాఫీగా ఉందన్నా లేదన్నా ఆ మాటకు పెద్దగా విలువ లేదు.

ఇక వస్తువుల సంగతి. నింటెండో మొదటి స్విచ్ 2017 మార్చి 3న వచ్చింది. ఆ వారం సమీక్షలలో జాయ్‌కాన్ కంట్రోలర్ల మీద వచ్చిన ప్రధానమైన ఫిర్యాదు ఏమిటంటే, ఎడమచేతి కంట్రోలర్ కన్సోల్‌తో వైర్‌లెస్ సంబంధం మధ్యమధ్య కోల్పోతోందని. ఆ లోపాన్ని సరిచేయడానికి లోపల ఒక చిన్న ఫోమ్ ముక్క అంటించడం సరిపోయింది. ఆ కంట్రోలర్లకు తరువాత ప్రపంచమంతా చెడ్డపేరు తెచ్చిన స్టిక్ డ్రిఫ్ట్, అంటే వేలు పెట్టకపోయినా బొమ్మ తనంతట తానే ఒకవైపు నడిచిపోవడం, ఆ మొదటి వారంలో ఎవరికీ కనబడలేదు, కనబడే అవకాశమూ లేదు. నెలల తరబడి వాడిన తరువాతే అది బయటపడింది. 2020లో కంపెనీ అధ్యక్షుడే వినియోగదారులకు క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ప్లేస్టేషన్ 5తో వచ్చే డ్యూయల్‌సెన్స్ విషయంలోనూ ఇంతే. 2020 నవంబర్ సమీక్షలన్నీ దాని ప్రకంపనల గురించి, వేలికి ఎదురుతన్నే ట్రిగ్గర్ల గురించి పరవశించి రాశాయి. ఆ పరవశం నిజమైనదే. కన్సోల్‌లో ఉచితంగా వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్‌లో వాన పడే చోట కంట్రోలర్ పట్టుకుని చూడండి, చినుకులు అరచేతిలో పడుతున్నట్లే ఉంటుంది; నాకు ఇప్పటికీ ఆ అనుభూతి పాతబడలేదు. కానీ 2021 ఫిబ్రవరికల్లా అదే కంట్రోలర్ డ్రిఫ్ట్ మీద అమెరికాలో దావా పడింది.

డ్రిఫ్ట్ ఎందుకు వస్తుందో తెలిస్తే, ఊరి గాలికీ దీనికీ ఉన్న సంబంధం కూడా తెలుస్తుంది. కంట్రోలర్ మీద బొటనవేలితో తిప్పే ప్రతి స్టిక్ కింద రెండు చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి. ఒకటి పైకీ కిందికీ, మరొకటి పక్కలకూ జరిగే కదలికను కొలుస్తాయి. ఒక్కొక్క దానిలో పలుచని కార్బన్ పూత మీద ఒక లోహపు నాలుక రాచుకుంటూ తిరుగుతుంది, అది ఎక్కడ ఆగిందన్న దానిని బట్టి విద్యుత్ నిరోధం మారుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది గుర్తుందా, ఆ పరికరమే ఇదీ. ఆడిన కొద్దీ ఆ పూత అరిగి పొడి రాలుతుంది. స్టిక్ ఎక్కువసేపు మధ్యలోనే ఉంటుంది కాబట్టి అరుగుదల కూడా మధ్యలోనే ఎక్కువ. అందుకే కొంతకాలానికి మధ్యస్థానాన్ని అది తప్పుగా చదువుతుంది.

ఎండగా, పొడిగా ఉండే ఊళ్లలో ఈ కథ ఇక్కడితో ఆగుతుంది. మన దగ్గర దీనికి ఉప్పు తోడవుతుంది. సముద్రపు గాలిలోని సన్నని ఉప్పు రేణువులు గాలిలో తేమను పీల్చుకుని లోహం మీద తడిపొరగా నిలుస్తాయి. ఆ లోహపు నాలుకలూ, స్టిక్‌ను మధ్యకు తెచ్చే స్ప్రింగులూ మెల్లగా చిలుము పడతాయి. లాసన్స్ బే వైపు నుంచీ పెదవాల్తేరు వైపు నుంచీ నా దగ్గరికి వచ్చే కంట్రోలర్లు విప్పితే బోర్డు మీద తెల్లని పొర, మరలపై తుప్పు కనిపించడం మామూలే. వన్‌టౌన్ నుంచి వచ్చే కన్సోళ్లలో దానికి పోర్టు వైపు నుంచి వచ్చే నల్లని ధూళి తోడై ఫ్యాన్ రెక్కల మీద జిడ్డులా పట్టి ఉంటుంది. ఒకే నెలలో ఒకే దుకాణంలో ఒకే రకం కంట్రోలర్లు కొన్న ఇద్దరు అన్నదమ్ములు నాకు తెలుసు. అన్నగారి ఇల్లు సీతమ్మధారలో, తమ్ముడి ఇల్లు సాగర్‌నగర్‌లో తీరానికి ఎదురుగా. తమ్ముడు ఆడేది తక్కువే అయినా, రాత్రిళ్లు కంట్రోలర్‌ను తెరిచిన కిటికీ దగ్గర బల్ల మీద వదిలేసేవాడు. ఒక వానాకాలం దాటేసరికి అతని కంట్రోలర్ నా దగ్గరికి వచ్చింది, అన్నగారిది ఇప్పటికీ ఆడుతోంది. ఏసీ గదిలో వారం రోజులు వాడి రాసిన సమీక్షలో ఈ సంగతి ఎలా ఉంటుంది?

దీనికి మందు ఉందా అంటే, ఉంది. కంట్రోలర్‌ను వాడనప్పుడు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ లేదా స్టీలు డబ్బాలో, నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. శ్రావణ భాద్రపదాలలో అప్పడాలు మెత్తబడకుండా మా అమ్మ డబ్బాలో దాచే పద్ధతి కంటే ఇది వేరు కాదు. ఆడిన తరువాత చెమట తడిని పొడి గుడ్డతో తుడిచి లోపల పెట్టాలి. దీనికి అయ్యే ఖర్చు వంద రూపాయలు దాటదు, మీ జాబితాలోని ఏ ఉపకరణమూ కంట్రోలర్‌కు ఇంత మేలు చేయదు.

అయస్కాంతంతో పనిచేసే స్టిక్‌ల గురించి కూడా మీరు విని ఉంటారు. హాల్ ఎఫెక్ట్ అనే ఆ పద్ధతిలో అయస్కాంతమూ సెన్సరూ ఒకదానికొకటి తగలవు కాబట్టి రాపిడి అరుగుదల ఉండదు. ఇదేమీ నిన్న కనిపెట్టినది కాదు. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఉంది. ఇప్పుడు టీఎంఆర్ అనే మరో అయస్కాంత పద్ధతి వచ్చింది, అది తక్కువ విద్యుత్తుతో ఇంకా సూక్ష్మంగా చదువుతుంది. మన తీరానికి ఇవే తగినవని నా అభిప్రాయం. అయితే ఇక్కడ మీకు ఒక చిక్కు ఉంది. మార్కెట్లో దొరికే ఇటువంటి కంట్రోలర్లలో చాలావరకు కంప్యూటర్‌కూ స్విచ్‌కూ పనిచేస్తాయి గాని, సోనీ అనుమతి లేనివి ప్లేస్టేషన్ 5 ఆటలను నేరుగా ఆడించలేవు. సోనీ వారి ఖరీదైన కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లో స్టిక్ భాగాన్ని టంకం అవసరం లేకుండా మార్చుకోవచ్చు, అది మెచ్చుకోదగిన ఏర్పాటు. కానీ ఆ మార్చే భాగం కూడా రాపిడి రకమే, పైగా బ్యాటరీ మామూలు డ్యూయల్‌సెన్స్ కంటే చిన్నది. ఆ ధరకు నేను దానిని మీకు సిఫారసు చేయలేను.

మామూలు డ్యూయల్‌సెన్స్‌లో స్టిక్ మార్చాలంటే ఒక్కొక్క స్టిక్‌కు 14 చోట్ల టంకం తీసి మళ్లీ వేయాలి, ఆ తరువాత మధ్యస్థానాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేయాలి. వారంటీ పోయిన కంట్రోలర్‌లో ఆ అవకాశాన్ని వాడుకుని అయస్కాంత రకం వేయించుకోవడం మంచిదే. వారంటీ ఉన్నంతకాలం మాత్రం ఎవరినీ విప్పనివ్వకండి, నన్ను కూడా. స్టిక్ మొదట్లోకి ఏదో ఒక స్ప్రే కొడితే సరిపోతుందని చూపించే వీడియోలను అనుసరించవద్దు. స్వచ్ఛమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తే కొన్ని రోజులో వారాలో ఉపశమనం ఉంటుంది, అరిగిన పూత మాత్రం తిరిగి రాదు. నూనె ఉన్న స్ప్రేలు కొడితే ఆ జిడ్డుకు ధూళి పట్టి పరిస్థితి ఇంకా చెడుతుంది.

ఇప్పుడు మీ అబ్బాయి కోరిక. స్విచ్ 2 2025 జూన్ 5న వచ్చింది. ఆ యంత్రం నాకు నచ్చింది: 7.9 అంగుళాల తెర, అయస్కాంతంతో టక్కున అతుక్కునే జాయ్‌కాన్‌లు, ఇరవై నలుగురు ఒకేసారి పరుగుపెట్టే మారియో కార్ట్ వరల్డ్. ఇంట్లో నలుగురు కూర్చుని ఆడుకోవడానికి దానిని మించినది లేదు. అయినా ఇప్పుడే వద్దు అంటున్నాను. నింటెండోకు మన దేశంలో అధికారిక అమ్మకాలు లేవు, ఇక్కడ దొరికేవన్నీ దిగుమతి సరుకు. అంటే వారంటీ అనేది ఆ దుకాణదారుడి మాట మీదే ఆధారపడి ఉంటుంది. కొత్త జాయ్‌కాన్‌లలో హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు వాడలేదని ఆ కంపెనీ వారే చెప్పారు. విప్పి చూసినవారికి లోపల పొటెన్షియోమీటర్లే కనిపించాయి. ఉప్పుగాలి ఊరిలో, అధికారిక మరమ్మతు లేని చోట, రాపిడి స్టిక్‌లతో వచ్చే పరికరానికి ఒకటి రెండు వానాకాలాలు గడిచాక మన ఊరివాళ్ల అనుభవం వినడం న్యాయం. ఒకవేళ అబ్బాయి పట్టుబట్టి కొనిపిస్తే రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఆటలు దాచుకోవడానికి మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ రకం కార్డు మాత్రమే పనిచేస్తుంది, ఫోన్‌లో వాడే మామూలు కార్డు పనికిరాదు. తెర మీద ఫ్యాక్టరీలోనే అంటించిన పలుచని పొరను ప్యాకింగ్ కవరు అనుకుని పీకకండి. పగిలితే గాజు చెదరకుండా ఆపడానికి దానిని అక్కడ పెట్టారు.

మీ జాబితాలోని మిగిలినవి ఇప్పుడు చూద్దాం.

హెడ్‌సెట్. మొదటి రోజున తోలులా మెత్తగా ఉందని అందరూ పొగిడే చెవిదిండ్లు చాలావరకు పాలీయురేథేన్ పూతవి. తేమ తగిలిన కొద్దీ ఆ పూత రసాయనికంగానే విడిపోతుంది, దానిని ఆపడం ఎవరివల్లా కాదు. నేనే ఒకసారి మొదటి వారం సమీక్షలు చదివి ఖరీదైన హెడ్‌సెట్ ఒకటి కొన్నాను. రెండో వేసవికి దాని దిండ్ల నుంచి నల్లని పొలుసులు రాలి చెవులకూ జుట్టుకూ అంటుకునేవి, విడి దిండ్లు అడిగితే ఆ నమూనాకు మన దగ్గర దొరకవన్నారు. గుడ్డ దిండ్లు ఉన్నదీ, విడి దిండ్లు దొరికేదీ చూసి కొనండి. అంతవరకు మీ దగ్గర ఇప్పుడున్న 3.5 మిల్లీమీటర్ల పిన్ను హెడ్‌సెట్‌నే డ్యూయల్‌సెన్స్‌కు తగిలించుకోవచ్చు, ప్లేస్టేషన్ 5 తన త్రీడీ శబ్దాన్ని దాని ద్వారా కూడా వినిపిస్తుంది.

ఛార్జింగ్ స్టాండ్. అక్కరలేదు. బయటికి తెరుచుకుని ఉండే లోహపు మొనలు ఉప్పుగాలికి పచ్చబడతాయి. యూఎస్‌బీ కేబుల్ చాలు.

నిలువు స్టాండ్. ఇదీ అక్కరలేదు. ప్లేస్టేషన్ 5లో చిన్నదైన స్లిమ్ మోడల్‌కు నిలువు స్టాండ్ విడిగా కొనాలి గాని, పడుకోబెట్టడానికి కావలసిన చిన్న కాళ్లు పెట్టెలోనే వస్తాయి. ఈ కన్సోల్ ప్రాసెసర్ మీద వేడిని లాగడానికి ద్రవలోహం వాడారు. నిలువుగా పెడితే అది ఒకవైపు జారుతుందేమోనన్న జాగ్రత్తతో నేను నా కన్సోల్‌ను పడుకోబెట్టే వాడతాను. చుట్టూ జానెడు ఖాళీ వదలండి, గాజు తలుపుల షోకేసులో బంధించకండి. పక్క పలక తీస్తే ధూళి చేరడానికి కేటాయించిన రంధ్రాలు కనిపిస్తాయి. మూడు నెలలకొకసారి వాక్యూమ్ క్లీనర్‌తో అక్కడ పీల్చండి. అంతకు మించి లోపలికి వెళ్లకండి.

ఎస్ఎస్‌డీ. స్లిమ్‌లో ఒక టెరాబైట్ స్థలం ఉంది, అది నిండేవరకు ఆగండి. కొనే రోజు వచ్చినప్పుడు సెకనుకు 5,500 మెగాబైట్ల వేగం, నాలుగో తరం ఎన్‌వీఎంఈ రకం, వేడిని లాగే హీట్‌సింక్‌తో కలిపి 11.25 మిల్లీమీటర్లకు మించని మందం అన్న మూడు కొలతలు చూసుకుంటే చాలు.

మీ పాత సామాను గురించి మీరు అడగలేదు, కానీ డబ్బు మిగిలేది అక్కడే. ప్లేస్టేషన్ 4 డిస్కులు దాదాపు అన్నీ కొత్త కన్సోల్‌లో నడుస్తాయి, డిస్క్ డ్రైవ్ ఉన్నది కొనమని మొదటే చెప్పింది అందుకే. పాత కన్సోల్‌కు తగిలించిన యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌ను యథాతథంగా దీనికి తగిలిస్తే అందులోని ప్లేస్టేషన్ 4 ఆటలు అక్కడినుంచే ఆడుకోవచ్చు. పాత డ్యూయల్‌షాక్ 4 కంట్రోలర్ కూడా ప్లేస్టేషన్ 4 ఆటలకు పనికివస్తుంది, ప్లేస్టేషన్ 5 ఆటలకు మాత్రం రాదు. అబ్బాయితో కలిసి పాత ఆటలు ఆడటానికి అదే రెండో కంట్రోలర్ అనుకోండి.

విద్యుత్తు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇదే చాలా కన్సోళ్లను బలి తీసుకుంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లిన తరువాత తడిసిన కన్సోళ్లు చాలా నా దగ్గరికి వచ్చాయి. కరెంటు రాగానే పనిచేస్తుందో లేదో చూద్దామని ప్లగ్ పెట్టినవాటిలో చాలావాటిని నేను కాపాడలేకపోయాను. ప్లగ్ పెట్టకుండా, గుడ్డలో చుట్టి తెచ్చినవి శుభ్రం చేసి ఆరబెడితే లేచాయి. ఉరుముల రోజులలో కన్సోల్ ప్లగ్ ఒక్కటి తీస్తే సరిపోదు. పిడుగు ప్రభావం కేబుల్ టీవీ తీగ ద్వారానో ఇంటర్నెట్ తీగ ద్వారానో టీవీలోకి వచ్చి, అక్కడినుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా కన్సోల్‌లోని చిప్‌ను కాల్చివేయడం నేను చాలాసార్లు చూశాను. హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా పీకేయండి, అయితే రెండువైపులా కరెంటు ఆపిన తరువాతే పీకండి.

చివరిగా, కన్సోల్ ఇంటికి వచ్చిన వారంలో మీరే ఒక సమీక్ష చేసుకోండి. కంట్రోలర్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ పరీక్షించే ఏదైనా పేజీ తెరిస్తే స్టిక్ ఎక్కడ ఉందో అంకెలలో కనిపిస్తుంది. ముట్టుకోకుండా బల్ల మీద పెట్టినప్పుడు ఆ అంకెలు సున్నాకు చేరువలో కదలకుండా ఉండాలి. ప్రతి స్టిక్‌ను నాలుగువైపులా లాగి ఒక్కసారిగా వదిలి, ప్రతిసారీ అదే చోటికి వస్తోందో లేదో చూడండి. రెండు ట్రిగ్గర్లనూ మెల్లగా నొక్కి, అంకె ఎక్కడా ఎగరకుండా చివరివరకు వెళ్తోందో గమనించండి. ఆ తెరను ఫొటో తీసి బిల్లుతో పాటు దాచండి. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గిన తరువాత, అంటే డిసెంబర్ నాటికి, అదే పరీక్ష మళ్లీ చేసి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడండి. అంకెలు జరిగి ఉంటే, బొమ్మ నడవడం మొదలయ్యేవరకు ఆగకుండా, వారంటీ గడువులోపే ఆ రెండు ఫొటోలతో సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. అంకెలు జరగకపోతే రెండో డ్యూయల్‌సెన్స్ అప్పుడు కొనండి.